క్రిస్మస్ రోజు వెనక తలుపు

అక్టోబర్ 6

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాను. నాకంటే ముప్పయ్యేళ్ళు చిన్న పిల్ల. మెత్తగానే మాట్లాడింది గానీ నీళ్ళు నమలలేదు. "ఫిడెల్మా గారూ, సెప్టెంబర్లో మీరు రక్తం కక్కుకున్నప్పుడు ఆపగలిగాం. ఇంకోసారి వస్తే ఆపగలమని మాటివ్వలేను" అంది.

"తగ్గించమంటారా?" అన్నాను.

"మానమంటున్నాను."

ఏం పని చేస్తారని అడిగింది. పబ్ నడుపుతానన్నాను. ఆ పిల్ల చాలాసేపు కంప్యూటర్లోకే చూస్తూ ఉండిపోయింది.

ఏం చెయ్యమంటారు? తాత పెట్టిన పబ్. కింద బార్, పైన నేను. నాకొచ్చిన పని ఇదొక్కటే, నాకున్న ఇల్లు ఇదొక్కటే. మానకపోతే నేను పోతాను. మానాలంటే పబ్ పోవాలంటారు. రెండూ పోకుండా ఉండే దారి చూడాలి.

మీటింగులకి వెళ్ళమంది. తాగుడు మానాలనుకునేవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకునే ఏఏ మీటింగులు. మా ఊళ్ళోనూ ఒకటుంది, మంగళవారాలు, చర్చి పక్క హాల్లో. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ హాలు ముందు ఎవరి కారు ఆగినా కాసేపట్లో మా బార్లో తెలిసిపోతుంది. నా కారు ఆగితే నేను ఇంటికి రాకముందే తెలుస్తుంది. అందుకని స్లైగో పట్నంలో జరిగేది చూసుకున్నాను. గురువారం సాయంత్రం. గంట ప్రయాణం.

అక్టోబర్ 9

స్లైగో వెళ్ళాను. కారు పెట్టడానికి చోటు దొరకలేదు. గురువారాలు అక్కడ అంతే.

బార్ నోరీన్‌కి అప్పగించాను. మా అన్నయ్య కూతురు. ఎక్కడికత్తా అంటే పూల అలంకరణ నేర్చుకునే క్లాసుకి అన్నాను. ఆ మాటే ఎందుకు నోటికొచ్చిందో దేవుడికి తెలియాలి. నా చేతిలో ప్లాస్టిక్ మొక్క కూడా బతకదు.

అక్టోబర్ 10

నిన్న చోటు దొరికింది. సరిగ్గా హాలు ఎదురుగా దొరికింది. ఇంజన్ ఆపకుండా కూర్చుని, జనం లోపలికి వెళ్ళడం చూసి, తిరిగి వచ్చేశాను. నేను తప్ప ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాసుకుంటున్నాను చూడు.

అక్టోబర్ 16

లోపలికి వెళ్ళాను.

ప్లాస్టిక్ కుర్చీలు, టీ కెటిల్, బిస్కెట్ల డబ్బా. ఎవరి మొహమూ చూడకుండా తలుపు దగ్గర కుర్చీలో కూలబడ్డాను. తలెత్తేసరికి ఎదురుగా మలాకీ డఫీ.

మలాకీ మా ఊరి రాతిపని మేస్త్రీ. కిటికీ పక్క బల్ల అతనిదే అన్నట్టు ఏళ్ళ తరబడి మా బార్లో కూర్చున్నాడు. మూడేళ్ళ కిందట ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఒక మాట లేదు, పలుకు లేదు. మంచి ఖాతాదారుడు మాయమైతే నాకు తోచేది ఒక్కటే. వీధి చివర టాన్సీ వాళ్ళ పబ్‌కి మారాడు. అంతే, ఆ రోజు నుంచి మలాకీ నాకు కనబడటం మానేశాడు. చర్చిలో పక్కన నిలబడ్డా కనబడలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు మాత్రం వెళ్ళాను, వెళ్ళకపోతే ఊరూరుకోదు. ఇంటివాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని "మీ కష్టానికి బాధగా ఉంది" అనుకుంటూ సాగిపోవాలి. అందరికీ అన్నాను. మలాకీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఇచ్చాను, మాట ఇవ్వలేదు.

టాన్సీ పబ్‌కి కాదన్నమాట. ఇక్కడికి.

మొహం పాలిపోయింది అతనికి. టీ దగ్గర కలిసినప్పుడు గొంతు తగ్గించి, "నన్ను వెతుక్కుంటూ వచ్చావా?" అన్నాడు. బాకీ వసూలుకొచ్చాననుకున్నాడు పాపం.

"కాదు. నా కోసమే వచ్చాను."

అతను రెండు బిస్కెట్లు తీసి నా సాసర్లో పెట్టాడు. నేను నోరు విప్పలేదు ఈ రోజు. కానీ చివరిదాకా కూర్చున్నాను.

అక్టోబర్ 19

స్టాకు చూశాను. విస్కీ ఒక సీసా తక్కువ. రోజూ పొయ్యి పక్క కుర్చీలో కూర్చునే కోల్మన్ పనే అయ్యుంటుంది. నేను అటు తిరిగినప్పుడు చెయ్యి చాపి ఉంటాడు.

అక్టోబర్ 23

వెళ్ళలేదు. జలుబు.

అక్టోబర్ 24

జలుబే.

అక్టోబర్ 27

కోళ్ళ దాణా కొట్టు దగ్గర మలాకీ ఎదురుపడ్డాడు. ఇన్నాళ్ళకి నేనే ముందు తలూపాను.

"గురువారం నీ కుర్చీ ఖాళీగా ఉంది" అన్నాడు.

"జలుబు చేసింది."

"నాకూ చేసేది ఆ జలుబు. వారం వారం చేసేది." నవ్వలేదు. "ఈ గురువారం నా వ్యాన్లో తీసుకెళ్తాను. చర్చి వెనక నిలబడు."

"మనిద్దరం కలిసి వెళ్తే ఊరేమనుకుంటుంది?"

"మనిద్దరి మధ్య ఏదో ఉందనుకుంటుంది. అసలు సంగతి కంటే అదే నయం కదా."

ఇంటికొచ్చేదాకా నవ్వొస్తూనే ఉంది.

అక్టోబర్ 30

ఆ సీసా కోల్మన్ తియ్యలేదు.

అదే మాట మీటింగులో చెప్పాను. నా పేరు ఫిడెల్మా, నేను తాగుబోతుని, నాకో పబ్ ఉంది అన్నాను. మూడో ముక్కకి వెనక ఎవరో దగ్గారు. సీసా నేనే తాగాననీ, అది ఒక మంచివాడి మీదకి నెట్టాననీ, నెట్టింది కూడా నా డైరీలోనే, అంటే నా ముందు నేనే వాణ్ణి దొంగని చేశాననీ చెప్పాను. సిగ్గేసింది. చెప్పాక తేలికగా ఏమీ లేదు, ఆకలి మాత్రం వేసింది.

కాన్సెప్టా అని ఒకావిడ ఉంది, మంత్రసానిగా చేసి రిటైరయింది, ఈ మీటింగుకి ఆవిడే పెద్ద దిక్కు. సగం జిల్లాని భూమ్మీదకి లాగింది ఆవిడేనట. మాట కత్తి. అంతా అయ్యాక నా మోచెయ్యి పట్టుకుంది.

"పబ్ అమ్మెయ్, తల్లీ."

"అమ్మను."

"అయితే చస్తావు."

"చావను. అమ్మకుండా ఎలా చావకూడదో చెప్పండి. అందుకే కదా ఇంత దూరం వస్తున్నాను."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మొండి ఘటం. సరే. ఆపుకోలేనని అనిపించినప్పుడు గ్లాసు ముట్టుకోకముందు నాకు ఫోన్ చెయ్యాలి. ముట్టుకున్నాక కాదు. ముట్టుకున్నాక ఎవరైనా చేస్తారు." నంబరు నా అరచేతి మీదే రాసింది.

నేను మానిన రోజులు లెక్కపెట్టను. లెక్క పెట్టినన్నాళ్ళు సీసాలు లెక్క పెట్టాను, చాలు.

నవంబర్ 5

కష్టం ఎక్కడుందంటే పోయడంలో లేదు. పోయగలను, వాసనకి ముక్కు అలవాటు పడింది. జనం మర్యాదలోనే ఉంది కష్టం. ఎవడు అందరికీ కొన్నా, "నువ్వూ ఒకటి తీసుకో ఫిడెల్మా" అంటాడు. వద్దంటే వాడికి తలకొట్టేసినట్టుంటుంది. మా ఊళ్ళో మందు వద్దనడానికి మర్యాదైన కారణం ఒక్కటే. మాత్రలు వాడుతున్నానని చెప్పాలి. చెబుతున్నాను. దంతాల నొప్పికి మాత్రలు, తర్వాత చెవిపోటుకి, ఇప్పుడు ఊపిరితిత్తులకి.

ఇవాళ కోల్మన్ అన్నాడు, "ఏం రోగమే అది? గుర్రానికైనా ఈపాటికి తగ్గేది."

కోల్మన్ కొండ పక్క గొర్రెలు కాసుకునే ఒంటరి మనిషి. పెళ్ళి చేసుకోలేదు, టీవీ కూడా లేదు. నేనూ అతనూ కలిసి ఖాళీ చేసిన సీసాలతో గోడ కట్టొచ్చు. అతనికి నేనంటే ప్రాణం. నాకూ అతనంటే అంతే. అదే వచ్చిన చిక్కు.

నవంబర్ 11

ఫోన్ చేశాను. గ్లాసు ముట్టుకోకముందే. కాన్సెప్టా బంగాళాదుంపల ధర నుంచి వాళ్ళ చెల్లెలి మోకాలి దాకా ఏదేదో మాట్లాడింది, మందు ఊసెత్తలేదు. మాటలయ్యేసరికి టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకున్నాను.

నవంబర్ 18

టాన్సీ వాళ్ళ ముసలమ్మ పోయింది. వ్యాపారంలో పోటీ ఉంటే ఉంది, శవజాగారానికి వెళ్ళక తప్పుతుందా. చావింటి ఆనవాయితీ ప్రకారం అద్దాలన్నిటికీ తెల్ల దుప్పట్లు కప్పారు. గడియారం ఆపేశారు. గది నిండా లిల్లీ పూల వాసన. వరసగా అందరి చేతులూ పట్టుకున్నాను, అందరికీ మాట చెప్పాను.

ఆ తర్వాత ట్రే వచ్చింది. చిన్న గ్లాసుల్లో విస్కీ. చచ్చినవాళ్ళ గౌరవానికి పోసింది వద్దనకూడదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాను, మూడో చెయ్యి లేదు కాబట్టి గ్లాసు పట్టుకోలేనన్నట్టు. మలాకీ వచ్చి పక్కన నిలబడ్డాడు, అతని చేతిలోనూ టీ. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా గోడకి ఆనుకుని నిలబడ్డాం.

"మూడేళ్ళనుంచీ ఇలాగే నిలబడుతున్నావా?" అన్నాను.

"ఒక్కణ్ణే నిలబడేవాణ్ణి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇవ్వని మాట అప్పుడు, ఆ గోడ పక్కనే ఇచ్చాను. అతను కప్పులోకి చూస్తూ తలూపాడు.

వచ్చేటప్పుడు గేటు దగ్గర కోల్మన్ నా భుజం తట్టాడు. "క్రిస్మస్‌కి వెనక తలుపు. మామూలేగా?"

"మామూలే" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

నవంబర్ 19

క్రిస్మస్ రోజు దేశంలో ఏ పబ్బూ తెరవకూడదు. చట్టం. కోల్మన్ మధ్యాహ్నం భోజనం వేళ దాటాక వెనక తలుపు మీద రెండుసార్లు కొడతాడు. నేను తీస్తాను. ముందు తలుపు గడియ పెట్టి, ఇద్దరమే పొయ్యి పక్కన కూర్చుంటాం. ఏటా అంతే. మొన్నటి క్రిస్మస్ ఎలా ముగిసిందో నాకు గుర్తులేదు.

తియ్యకపోతే? ఏడాది మొత్తానికి ఆ మనిషికి ఎవరైనా తలుపు తీసేది ఆ రోజే. తీస్తే? ఒకటి పోస్తాను, ఇంకొకటి అతను నాకు పోస్తాడు. డాక్టరు పిల్ల చెప్పినదే జరుగుతుంది.

నవంబర్ 27

మలాకీ వ్యాన్ చెడిపోయింది, నా కారు అప్పటికే మెకానిక్ దగ్గరుంది. బస్సులో వెళ్ళాం. తిరుగు బస్సు లేదు. కాన్సెప్టా తన కార్లో దింపింది, దారంతా నా పబ్ అమ్మిస్తూనే ఉంది.

డిసెంబర్ 4

క్రిస్మస్ ఈసారి గురువారం వచ్చింది. హాలుకి తాళం. ఇంతకుముందు ఇలా వచ్చినప్పుడు కాన్సెప్టా ఇంట్లో కలుసుకున్నారట, ఈసారి ఆవిడ ఇంటి నిండా చుట్టాలు. ఎవరింట్లో అంటే ఎవరూ పలకరు. అందరిళ్ళలోనూ ఆ రోజు సీసా మూత తెరిచే ఉంటుంది, అందుకే కదా మీటింగు కావలసింది.

నేను చెయ్యెత్తాను. "నా దగ్గర పెద్ద గది ఉంది. పొయ్యి ఉంది, కుర్చీలున్నాయి. చట్టప్రకారం ఆ రోజు చుక్క అమ్మకూడదు."

గది గదంతా నవ్వింది. కాన్సెప్టా నవ్వలేదు.

"సీసాల ముందు కూర్చోబెడతావా మమ్మల్ని?"

"దుప్పట్లు కప్పుతాను."

"ఎందుకమ్మా నీకీ యాగీ?"

అప్పుడు కోల్మన్ సంగతి చెప్పాను. అతను తలుపు కొడతాడనీ, ఒక్కదాన్నే ఉంటే తీసి పోస్తాననీ, తియ్యకుండా ఉండే గుండె నాకు లేదనీ చెప్పాను. "నేనొక్కదాన్నే ఉండకూడదు, అంతే. మీ కోసం కాదు, నా కోసం రండి."

ఎవరూ నవ్వలేదు ఈసారి. "నేను కేకు తెస్తాను" అన్నాడు మలాకీ.

డిసెంబర్ 12

నా పాపం పండింది. పూల క్లాసు సంగతి నోరీన్ చర్చి ఫాదర్‌కి చెప్పిందట. క్రిస్మస్‌కి చర్చిలో పూలు నేనే అలంకరించాలట. "ఇన్ని వారాలు నేర్చుకున్నావు కదా ఫిడెల్మా, దేవుడికీ కాస్త చూపించు" అన్నాడు. కాదంటే ఎక్కడికెళ్తున్నానో చెప్పాలి. సరేనన్నాను.

డిసెంబర్ 14

నోరీన్‌కి చెప్పేశాను. గ్లాసులు తుడుస్తూ చెప్పాను, తను ఆరబెడుతూ వింది.

"నాకు తెలుసత్తా. ఏ పూల క్లాసు నుంచి ఎవరైనా ఏడ్చిన కళ్ళతో వస్తారా?"

"మరి ఫాదర్‌కి ఎందుకు చెప్పావే?"

"నువ్వెంత దూరం లాగుతావో చూద్దామని." గడుసు పిండం. తర్వాత తడి గుడ్డతోనే నన్ను కౌగిలించుకుంది.

డిసెంబర్ 23

పూలకి నా దగ్గర చదువు లేదు, ఫాదర్ తెప్పించిన లిల్లీలు మాత్రం డబ్బాల కొద్దీ ఉన్నాయి. తెల్లగా ఉన్నవన్నీ మధ్యలో గుచ్చాను. బాగానే ఉందన్నారు. సగం మిగిలిపోయాయి, బకెట్లతో తెచ్చి బార్లో పెట్టాను. పారెయ్యడానికి మనసొప్పలేదు.

డిసెంబర్ 24

బార్ కిటకిటలాడింది. ఎందరో "నువ్వూ ఒకటి" అన్నారు. మాత్రలన్నాను. ఒకరికి మాత్రం "మానేశాను" అన్నాను. ఎవరికో గుర్తులేదు. అన్నట్టు మాత్రం గుర్తుంది.

కాన్సెప్టాకి రెండుసార్లు ఫోన్ చేశాను.

డిసెంబర్ 25

పొద్దున్న చర్చి నుంచి రాగానే నోరీనూ నేనూ దుప్పట్లు కప్పాం. సీసాల అరలకి, బీరు పంపులకి, బార్ వెనకున్న పెద్ద అద్దానికి. తాత కాలం నుంచి ఆ అద్దాన్ని ఎవరూ మూయలేదు. సీసాలు ఎదురుగా లేకపోతే ఆ గది నాకే కొత్తగా ఉంది. లిల్లీలని పొయ్యి పక్క పెట్టాను. గోడ గడియారం టిక్కుటిక్కు మీటింగులో చికాకు పుట్టిస్తుందని మలాకీ వచ్చీరాగానే ఆపేశాడు.

ఎనిమిది మంది వచ్చారు. కుర్చీలు గోడ వెంట వరసగా వేశాను, అందరూ మంచి బట్టల్లో ఉన్నారు, టీ కప్పులు ఒళ్ళో పెట్టుకున్నారు. కప్పిన దుప్పట్ల వంక కాన్సెప్టా ఒక చూపు చూసి, "శుభ్రంగా ఉతికావు" అంది. ఆవిడ నోటి నుంచి మెచ్చుకోలు అంటే అదే.

ఒకతను మాట్లాడుతున్నాడు, చేపల పడవ నడిపే అతను. కూతురు ఆరేళ్ళకి ఇవాళ పొద్దున్న ఫోన్ చేసిందని చెబుతున్నాడు. అప్పుడు వెనక తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది.

ఈ క్షణం కోసం నెలనాళ్ళుగా మాటలు కూర్చుకుంటున్నాను. కోల్మన్, నాకు ఒంట్లో బాగాలేదు. కోల్మన్, నేను మానేశాను, నీ మీద కోపమేం లేదు. ఒక్కటీ గుర్తురాలేదు. కాన్సెప్టా "వెళ్ళు, మేం ఇక్కడే ఉన్నాం" అంది. వెళ్ళి తీశాను.

క్రిస్మస్ కోటు వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు, మెడ దగ్గర కోసుకున్నాడు కూడా. నవ్వుతూ లోపలికి ఒక అడుగేశాడు. అంతే, ఆగిపోయాడు.

తెల్ల దుప్పట్లు. కప్పేసిన అద్దం. ఆగిన గడియారం. లిల్లీలు. గోడ వెంట గుట్టుగా కూర్చున్న జనం, చేతుల్లో టీ.

టోపీ తీసేశాడు. నవ్వు చెరిగిపోయింది. నేను నోరు విప్పేలోపే వరస మొదట్లో ఉన్న కాన్సెప్టా దగ్గరికెళ్ళి రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మీ కష్టానికి బాధగా ఉందమ్మా."

కాన్సెప్టా లాంటి మనిషి కూడా ఒక్క క్షణం తడబడింది. తర్వాత అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, "మీ మంచితనం బాబూ" అంది.

పక్కతని దగ్గరికెళ్ళాడు. "మీ కష్టానికి బాధగా ఉంది." ఆ తర్వాతతని దగ్గరికి. చేపల పడవ అతను లేచి నిలబడి మరీ చెయ్యిచ్చాడు, అతని కళ్ళు ఎర్రబడ్డాయి. ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక్కరు కూడా ఇది చావిల్లు కాదని చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆ మాట వాళ్ళతో ఎవరూ అని ఉండరు. తాగుబోతు కష్టానికి ఎవరు బాధపడతారు?

మలాకీ దగ్గర ఆగాడు. "నువ్వూ ఉన్నావా మలాకీ. దగ్గరివాళ్ళా?"

"బాగా దగ్గరివాళ్ళే" అన్నాడు మలాకీ.

చివరికి నా దగ్గరికొచ్చాడు. నా చెయ్యి తీసుకున్నాడు. గొర్రెల కాపరి చేతులు, బండగా, వెచ్చగా ఉన్నాయి. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎవరే ఫిడెల్మా? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు కోల్మన్" అన్నాను. "నేను పోబోయాను. వీళ్ళు పోనివ్వడం లేదు. కూర్చో."

అతను అద్దం వైపు చూశాడు. ఒక్కొక్క దుప్పటీ చూశాడు. కింద ఏముందో అతనికి నాకంటే బాగా తెలుసు. తర్వాత జనాన్ని చూశాడు, కప్పుల్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. చేతిలో టోపీ నలుగుతోంది. అర్థమవుతోందని తెలుస్తోంది. నేను చెయ్యి వదల్లేదు.

"మాత్రలు కాదన్నమాట" అన్నాడు.

"కాదు."

"రక్తం కక్కావటగా. ఊళ్ళో అన్నారు. నువ్వు చెప్పలేదు కాబట్టి నేను నమ్మలేదు." "ఒక కప్పు టీ తాగి వెళ్తాను."

మూడు చెంచాల పంచదార వేసి ఇచ్చాను. నా పక్క కుర్చీలో కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. చేపల పడవ అతను ఆపిన చోటు నుంచి కూతురి సంగతి చెప్పడం మొదలెట్టాడు. కోల్మన్ కప్పు ఖాళీ అయ్యాక కూడా లేవలేదు. అందరితో పాటే లేచాడు, వెనక తలుపు నుంచే వెళ్ళాడు.

వెళ్తూ అడిగాడు, "రేపు తెరుస్తావా?"

"తెరుస్తాను."

"నేనడిగితే పోస్తావా?"

"పోస్తాను. నీ పక్కన మాత్రం తాగను."

సరేనన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. దుప్పట్లు ఇంకా తియ్యలేదు. ఈ ఒక్క రోజుకీ అలాగే ఉండనిస్తాను.

డిసెంబర్ 26

దుప్పట్లు తీశాం. తెరిచాం. బార్ నిండింది. పొయ్యి పక్క కోల్మన్ కుర్చీ మాత్రం చీకటి పడుతున్నా ఖాళీగానే ఉంది.

"టాన్సీ వాళ్ళ దగ్గరికి పోయుంటాడులే అత్తా" అంది నోరీన్.

బార్ తనకి అప్పగించి, మిగిలిన కేకు గుడ్డలో చుట్టాను. కోల్మన్ ఇంటికెళ్ళే కొండ దారిలో మంచు పడుతోంది. నా కోటు ఎక్కడ పెట్టావే అని అడిగాను.